కుర్చీలు దాచిపెట్టిన గూడెం

నా దగ్గర డిజిటల్ కెమెరా ఉండటమే ఈ ప్రయాణానికి మొదటి కారణం. రెండోది, నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాకపోవడం. 2008 చలికాలం సంగతి. విశాఖపట్నంలో ఉద్యోగం చేసేవాణ్ణి, సెలవు దొరికితే అనకాపల్లిలో అక్క ఇంటికి వచ్చి పడేవాణ్ణి. వచ్చినా ఇంట్లో ఉండను. బెల్లం మార్కెట్ దాకా నడిచి వస్తాను, వచ్చి మంచినీళ్ళు తాగి రైల్వే స్టేషన్ దాకా వెళ్తాను, రైలెక్కే పనేమీ లేకపోయినా. "కాలు కాలిన పిల్లిలా ఏటిరా ఆ తిరుగుడు? పనికొచ్చే చోటికైనా వెళ్ళొచ్చు కదా" అని అక్క విసుక్కుంటుంటే పక్క వాటాలో ఉండే మంగక్క చెవిన పడింది. "అయితే గురువారం నాతో రా తమ్ముడూ. కెమెరా అట్టుకొని రా. కొండెక్కాలి" అంది. ఎందుకని కూడా అడక్కుండా సరేనన్నాను. అడిగి ఉంటే ఆ కొండ మీది గూడెంలో నా వల్ల పోయిన ఒక కోడి ప్రాణం దక్కేది.

మంగక్కది ఎస్. రాయవరం వైపు చెరకు పండించే పల్లె. అనకాపల్లిలో ఒక ఎరువుల కొట్టు మేడ మీద, ఒకే గదిలో నడిచే చిన్న సంఘంలో పని చేసేది. బయట బోర్డు బారెడుంది గానీ లోపల ఉన్నవి రెండు బల్లలు, తలుపు సరిగ్గా పడని ఒక బీరువా. పింఛను రాని వికలాంగులు, రేషను కార్డు లేని ముసలివాళ్ళు, కులం కాగితం దొరకని కొండ కుటుంబాలు ఆ ఇరుకు మెట్లెక్కి వస్తారు. మంగక్క వాళ్ళకి అర్జీ రాసిపెట్టడంతో ఆగదు, వాళ్ళతో పాటు రెవెన్యూ ఆఫీసుకి వెళ్ళి కూర్చుంటుంది. కూర్చోవడమే ఆవిడ పని చేసే పద్ధతి. అర్జీలు తీసుకునే ప్రతి సోమవారం క్యారేజీ కట్టుకుని వెళ్ళి వరండాలో బైఠాయిస్తుంది. తిట్టదు, అరవదు, ఎవరైనా అటు వస్తే నమస్కారం పెడుతుంది. "నన్ను సూసి సూసి ఆళ్ళకే విసుగొచ్చి పని సేత్తారు" అని నవ్వుతుంది. ఆ పద్ధతి నాకు అప్పజెప్తే మొదటి అరగంటలోనే గోడ దూకి పారిపోతాను.

ఈసారి ఏడు సోమవారాలు కూర్చున్నది చిలకమ్మ కోసం. నాతవరం దాటాక కొండల మీద ఉన్న ఒక గూడెం పిల్ల. ఆ గూడెం పేరు గానీ, అది ఏ మండలంలోకి వస్తుందో గానీ కావాలనే రాయడం లేదు. చిలకమ్మ పదో తరగతి పాసైంది, ఏఎన్ఎం నర్సు శిక్షణకి గిరిజనుల కోటాలో సీటు తెచ్చుకుంది. ఆ గూడెం నుంచి బడి చివరిదాకా చదివిన మొదటి ఆడపిల్ల. శనివారం సాయంత్రం ఐదింటి లోపు కుల ధ్రువీకరణ పత్రం చూపించకపోతే సీటు వెనక ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. పత్రం కోసం పెట్టిన అర్జీ అప్పటికే ఒకసారి తిరిగొచ్చింది. వీళ్ళు కొండ మీదే ఉంటారు, కొండ మీదే పండించుకుంటారు, కానీ వీళ్ళ గూడెం, గిరిజన ప్రాంతమని ప్రభుత్వం గీసిన ఏజెన్సీ గీతకి ఇవతల పడింది. గీతకి అవతల ఉన్న మేనమామలకి సులువుగా దొరికే కాగితం వీళ్ళకి కావాలంటే ఆఫీసరు వచ్చి, చూసి, నిజమైన కొండవాళ్ళేనని రాయాలి.

ఒకాయన వచ్చి చూశాడు కూడా. తేడా అక్కడే వచ్చింది. ఆఫీసరు వస్తున్నాడని తెలిసి గూడెం గూడెమంతా కింద ఊళ్ళోంచి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు నెత్తి మీద పెట్టుకుని కొండెక్కించింది. కూల్ డ్రింకు సీసాలు తడిగుడ్డ చుట్టి తెచ్చారు. మగవాళ్ళు ప్యాంట్లు వేసుకున్నారు, ఆడవాళ్ళు చుట్టాల దగ్గర మంచి చీరలు అడిగి తెచ్చి కట్టుకున్నారు. ఇంటికొచ్చిన పెద్దమనిషికి మర్యాద చేశారు. ఆయన మర్యాదంతా పుచ్చుకుని కిందికి దిగి ఒక్క వాక్యం రాశాడు, వీరి జీవన విధానం మైదాన ప్రాంత వాసులను పోలి ఉన్నది అని. ఆ తర్వాత ఆయనకి బదిలీ అయింది. గురువారం వచ్చేది కొత్త రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఆర్.ఐ. గారు. ఈసారి సాక్ష్యంగా ఫొటోలు ఉండాలని మంగక్క పట్టుదల. అదీ నా కెమెరాకి దక్కిన గౌరవం.

అనకాపల్లి ఆర్టీసీ కాంప్లెక్సులో నర్సీపట్నం బస్సు ఐదూ నలభైకి. నేను ఐదింటికే వెళ్ళి మూడు టీలు తాగాను. టికెట్టు ఇరవై రెండు రూపాయలు. తాళ్ళపాలెం దగ్గర హైవే వదిలి లోపలికి తిరిగాక చెరకు బళ్ళు అడ్డం పడ్డాయి. ఎడ్లు వాటి దారిన అవి నడుస్తున్నాయి, మా డ్రైవరు హారను కొట్టి కొట్టి చివరికి వాటితో పాటే నడిపించాడు. దారి పొడుగునా బెల్లం వండే వాసన. మంగక్క కిటికీ పక్కన హాయిగా నిద్రపోయింది, నేను నిమిషానికోసారి గడియారం చూసుకున్నాను. నర్సీపట్నంలో ఏడున్నర. బస్టాండు బయట తోపుడు బండి మీద నాలుగు ఇడ్లీ ఎనిమిది రూపాయలు, అల్లం చట్నీ అడక్కుండానే మళ్ళీ వేస్తుంది ఆవిడ. అక్కణ్ణుంచి నాతవరానికి షేరు ఆటోలో తలా పది. నాతవరంలో మంగక్కకి తెలిసిన నూకరాజు జీపు మాట్లాడిపెట్టి ఉంది, పోను రాను మూడు వందలు. కొండ కింద సాయంత్రం దాకా ఆగుతాడు.

నూకరాజు తాండవ కాలవ గట్టు మీద జీపుని ఎగరేసుకుంటూ పోతూ నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ పేపరు బావా?" అన్నాడు. పేపరు కాదు, ఫొటోలకి వచ్చానన్నాను. "ఆ గూడెపోళ్ళకి కాయితం రాదు బావా. మా ఇంట్లో నేని కుర్సీలు ఆళ్ళు మోసుకెళ్ళేరు మరి, ఆ ఆపీసరు ఏటనుకుంటాడు?" అన్నాడు. మంగక్క వెనక సీట్లోంచి, "ఈసారి కుర్సీలు వద్దని కబురెట్టేను. కుర్సీ నేదు, డ్రింకు నేదు. ఉన్నోళ్ళు ఉన్నట్టే ఉంటారు" అంది. నూకరాజు అద్దంలోంచి ఆవిడని చూసి నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో కొండెక్కాక తెలిసింది.

జీపు ఆగిన చోటు నుంచి నడక గంటంబావు. మొదటి అరగంట వాగు పక్కనే, ఆ తర్వాత నిట్టనిలువు. మంగక్క ఎక్కడా ఆగలేదు, ఎక్కడా పరిగెత్తలేదు. నేను ముందుకి ఉరికి, ఆయాసపడి కూలబడి, ఆవిడ నన్ను దాటాక మళ్ళీ ఉరికి, ఇలా వెళ్ళాను. పైన వాలు మీద కంది చేలు మొదలయ్యాయి. మనిషెత్తు మొక్కలు, గుత్తులు గుత్తులుగా కాయలు, ఊదారంగు చారలతో నిండుగా ఉన్నాయి. కెమెరా తీసి పది ఫొటోలు కొట్టాను. పావుతక్కువ పదికి గూడెం చేరాం.

చేరగానే మంగక్క తల పట్టుకుంది. శుభ్రంగా అలికిన వాకిట్లో నాలుగు నీలం కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. ఒక్కోదాని మీద కొత్త తువ్వాలు పరిచి ఉంది. కుర్చీల పక్కన చిలకమ్మ నాయనమ్మ సోములమ్మ, పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు నిలబడి ఉంది. డెబ్భై ఉంటాయేమో, మనిషి సన్నగా, నిటారుగా ఉంది.

"వద్దన్నాను కదమ్మా!" అంది మంగక్క.

"నువ్వు వద్దన్నావు. మరి మడిసొత్తే యేటి మీద కూకుంటాడు?"

"నేల మీద కూకుంటాడు. పోయినసారి కుర్సీలు సూసే కదా మీరు కొండోళ్ళు కాదని రాసేడు?"

సోములమ్మ ఒక తువ్వాలు అంచు సర్దింది. "కుర్సీ ఏత్తే కొండోళ్ళం కామా?" అంది. వెటకారం కాదు, ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. మంగక్క చిలకమ్మని పిలిచింది. ఆ పిల్ల కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి లోపలికి తీసుకెళ్ళి, చేటలు అడ్డం పెట్టింది. ఇంకో ఇంట్లో గోడకి ఉన్న సినిమా క్యాలెండరు కూడా తీయించింది మంగక్క. ఒక కుర్రాడి ప్యాంటు విప్పించి పంచె కట్టించింది. నన్ను చూసి, "కుండలు, కత్తులు, గడ్డి ఇళ్ళు తియ్యి తమ్ముడూ" అంది. తీశాను. తీస్తున్నంతసేపూ నాకు చిరాకుగానే ఉంది. ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఉంటారని జీపులో అన్న మనిషి, ఉన్నవి తీసి దాచిపెట్టిస్తోంది. ఆవిడని తప్పుపట్టడానికీ నోరు రాలేదు, ఏడు సోమవారాలు వరండాలో కూర్చున్నది ఆవిడ, నేను కాదు.

ఆర్.ఐ. గారు పదింటికి రావాలి. పది అయింది, పదకొండు అయింది. సిగ్నలు కోసం సెల్లు పట్టుకుని గూడెం వెనక బండ ఎక్కాను, దిగాను. ఇవాళ రాకపోతే రేపు శుక్రవారం, ఆపైన శనివారం. మంగక్క వాళ్ళకి జవాబులు చెప్పించింది, మీ ఇంటిపేరేమిటి, పెళ్ళిళ్ళు ఎవరితో చేసుకుంటారు, ఏ దేవుణ్ణి కొలుస్తారు అని అడుగుతూ. సోములమ్మ బుద్ధిగా అప్పజెప్పింది. చిలకమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని అడ్డాకులతో విస్తర్లు కుడుతూ దారి వైపు చూస్తోంది. "భయమేస్తోందా?" అని అడిగాను. "సీటొచ్చిన కాయితం మా అయ్య పెట్లో దాసేడు. రోజూ తీసి సూత్తాడు, సదవడం రాదు గానీ" అంది.

ఒంటిగంటన్నరకి వచ్చారాయన. యాభై దాటిన మనిషి, మోకాలికి పట్టీ, చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయి ఉంది. చంకలో ఫైలు. వాకిట్లో నిలబడి చుట్టూ చూశారు. ఎవరూ కదల్లేదు, మంగక్క కళ్ళతో అందరినీ ఆపుతోంది. ఆయన మోకాలు పట్టుకుని వంగారు. ఇక సోములమ్మ వల్ల కాలేదు. లోపలికి వెళ్ళి, చేటలు దభాలున కింద పడేసి, నీలం కుర్చీ ఒకటి తెచ్చి ఆయన వెనక వేసింది. దాని మీద తువ్వాలు కూడా పరిచింది. ఆయన కూర్చుని "హమ్మయ్య" అన్నారు. నేను ఫొటో తీయలేదు. మంగక్క ఆకాశంలోకి చూసింది.

ఆయన ప్రశ్నలు అడిగారు, సోములమ్మ చెప్పింది. పొద్దున్న అప్పజెప్పిన వరసలోనే, అవే మాటల్లో. మూడో జవాబుకి ఆయన కలం ఆపారు. "ఇవన్నీ మీకెవరు నేర్పారమ్మా?" అన్నారు. సోములమ్మ మంగక్క వైపు చూసింది. ఆ చూపుతోనే పని చెడింది. ఆయన కలం మూత పెట్టారు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, "చూశాను కదా, రాసుకుంటాను" అన్నారు. ఆ గొంతు ఎలాంటిదో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి తెలుసు. చిలకమ్మ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

అప్పుడాయన వాకిలి అంచున ఉన్న కంది మొక్కల వైపు చూశారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదేమో. "అమ్మా, ఆ కందికాయలు నాలుగు కోసివ్వండి, నవుల్తూ రాసుకుంటాను" అన్నారు మామూలుగా.

"నేదు బాబూ" అంది సోములమ్మ.

"లేకపోవడమేంటి, ఎదురుగా ఉన్నాయిగా?"

"ఉన్నాయి. కొత్త పండగ అవనేదు. కోడి కొయ్యమంటే కోత్తాను. గుడ్లున్నాయి, ఉడకెడతాను. కందికాయి మాత్రం ముట్టను."

ఆయన ముఖం ముడుచుకుంది. మంగక్క గబగబా ఆవిడ దగ్గరికి వెళ్ళి గుసగుసగా, "ఒక్క గుప్పెడు, పిల్ల బతుకు" అంది. సోములమ్మ తల అడ్డంగా ఊపింది. "కలెట్టరు బాబొచ్చినా అంతే. దేవుడికి ఎట్టకుండా మడిసికి ఎలాగెడతాను?" మంగక్క చిలకమ్మ వైపు తిరిగింది. సీటు పోయేది ఆ పిల్లకి కదా. చిలకమ్మ లేచి నిలబడి, తల వంచుకునే, "నానూ ఎట్టను" అంది.

ఇక్కడ నేను చేసిన పని రాయాలంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. పొద్దున్న ఐదింటి నుంచి బిగబట్టుకుని ఉన్నాను. నాలుగు కాయల దగ్గర ఒక పిల్ల సీటు పోతుందా అని ఒళ్ళు మండింది. రెండంగల్లో మొక్క దగ్గరికి వెళ్ళి ఒక గుత్తి తెంపి, "తీసుకోండి సార్" అని ఆయన ముందు చేయి చాపాను.

మరుక్షణం సోములమ్మ నా మణికట్టు పట్టుకుంది. అంత సన్నటి చేతిలో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. "ఓరి నాయనో, ఎంత పని సేసేవు!" అంది. లోపల్నుంచి ఆడవాళ్ళు వచ్చారు, పొలంలోంచి మగవాళ్ళు వచ్చారు. పండగలకి మంచిరోజు చెప్పే పెద్దాయన ఉంటాడు, దిసారి అంటారు, ఆయన్ని పిలుచుకొచ్చారు. నన్ను కదలొద్దన్నారు. కాయలు కింద పడేయకూడదట, అవి నేల తాకితే ఇంకో తప్పట. గుత్తి పట్టుకుని దొంగలా నిలబడ్డాను.

వాళ్ళలో వాళ్ళకి వాదన మొదలైంది. తప్పు చేసింది టౌను మనిషి కాబట్టి అది చేను వాళ్ళకి తగలదని ఒకరు, చేను సోములమ్మది కాబట్టి ఆవిడే బాధ్యురాలని ఇంకొకరు. ఆర్.ఐ. గారిని అందరూ మరిచిపోయారు. పంచె కట్టించిన కుర్రాడు పంచె ఎగ్గట్టుకుని మరీ అరుస్తున్నాడు. చిలకమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నా కోసం సేసేరు, తెలుసు నాకు. కానీ నాను నర్సునై ఎలిపోతాను బాబూ. ఈళ్ళు ఇక్కడే ఉంటారు. దేవుడికి కోపమొచ్చి పంట పోతే ఈళ్ళేటి తింటారు?" అంది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. అవి సీటు గురించి కావు.

చివరికి దిసారి తీర్పు చెప్పాడు. ఒక కోడి, కొబ్బరికాయ నేను ఇచ్చుకోవాలి. గూడెం చివర శంకుదేవుడి రాయి దగ్గర ఆ గుత్తి పెట్టి, తెలియక చేశానని ఒప్పుకోవాలి. అదయ్యే దాకా పొలిమేర దాటకూడదు. కోడి ఎవరి దగ్గర కొనాలి? సోములమ్మ దగ్గరే. నూట ఇరవై. బేరం ఆడబోతే మంగక్క నా కాలు తొక్కింది.

శంకుదేవుడి దగ్గరికి అందరితో పాటు ఆర్.ఐ. గారు కూడా కుంటుకుంటూ వచ్చారు. చెప్పులు విప్పి ఒక పక్కన నిలబడి, దిసారిని మెల్లగా అడగడం మొదలుపెట్టారు. కొత్త ఎప్పుడు చేస్తారు, ముందు ఎవరికి పెడతారు అని. దిసారి ఆయన వైపు తిరగకుండానే చెప్పాడు. "ముందు దేవుడికి. తరవాత సచ్చిపోయిన పెద్దోళ్ళకి. ఆ తరవాతే మడుసులం. సామకో కొత్త, కొర్రకో కొత్త, కందికో కొత్త. మా తాతల కాడ్నుంచీ ఇంతే." ఆయన నిలబడే, ఫైలుని మోకాలికి ఆనించి రాయసాగారు. రాస్తూనే సోములమ్మని అడిగారు, "ఇంతకుముందు వచ్చినాయన ఇవేవీ అడగలేదా?"

"ఆ బాబు కుర్సీలో కూకున్నాడు, డ్రింకు తాగేడు, ఎలిపోయేడు. ఏటీ అడగనేదు" అంది సోములమ్మ.

ఆయన రాస్తూనే ఉన్నారు. రెండు పేజీలు నిండాయి. అందరితో వేలిముద్రలు, సంతకాలు పెట్టించుకున్నారు. చిలకమ్మ అక్షరాలు కూడబలుక్కోకుండా చకచకా సంతకం చేస్తే ఒక్క క్షణం ఆ కాగితం వైపే చూశారు. వెళ్ళేముందు సోములమ్మ ఉడికించిన గుడ్లు రెండు తిన్నారు. నాతో మాత్రం, "మీ నిర్వాకం కూడా రిపోర్టులో రాయాల్సి వచ్చిందండీ. పేరు రాయలేదులెండి" అన్నారు. అప్పుడు చూసుకున్నాను, కెమెరాలో డెబ్భై ఫొటోలున్నాయి, అన్నీ కుండలు, గడ్డి, కంది చేలు. వాకిట్లో జరిగినదానికి ఒక్క ఫొటో లేదు.

దిగేటప్పుడు మంగక్క ఈసారి నాకంటే ముందు నడిచింది. వాగు దగ్గర ముఖం కడుక్కుంటూ, "నేనే తప్పు సేసేను తమ్ముడూ. ఆఫీసులో ఆళ్ళకి ఎలాంటోళ్ళు కావాలో అలాగ తయారు సెయ్యబోయేను. ముసల్దాని సేత కుర్సీ దాపించేను. సిగ్గేత్తంది" అంది. ఏడు సోమవారాలు తొణక్కుండా కూర్చున్న మనిషి అన్న మాటలివి. నా చేతికి ఇంకా ఆ పచ్చి కంది వాసన ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి చెప్పాల్సిన మాట ఇక్కడే చెప్పేస్తాను, చివరికొచ్చేసరికి మరిచిపోతాను. ఆ కొండల మీదికి సొంతంగా వెళ్ళిపోకండి, అక్కడివాళ్ళతో పని చేస్తున్న ఇలాంటి చిన్న సంఘం ఏదైనా ఉంటే వాళ్ళతో కలిసి వెళ్ళండి. ఉదయం మొదటి బస్సు అందుకుంటే చీకటి పడేలోపు నర్సీపట్నం తిరిగి వచ్చేయొచ్చు, మంచినీళ్ళు మీవి మీరే మోసుకోవాలి. చేలో ఏది కనబడినా, ఎంత నోరూరినా, కొత్త అయిందా అని అడగకుండా ముట్టుకోకండి. అడిగితే సంతోషంగా చెప్తారు. అడగకపోతే కోడి ఖర్చు మీది.

శుక్రవారం నేను ఉద్యోగానికి వెళ్ళలేదు, వెళ్ళినా పని చేసేవాణ్ణి కాదు. శనివారం పొద్దున్నే మంగక్కతో పాటు ఆఫీసు వరండాలో నేనూ కూర్చున్నాను. లేచాను, కూర్చున్నాను, గేటు దాకా వెళ్ళొచ్చాను. చిలకమ్మ, వాళ్ళ నాన్న గోడకి ఆనుకుని కదలకుండా ఉన్నారు. పదకొండున్నరకి సంతకం, ముద్ర పడ్డ కాగితం చేతికొచ్చింది. వాళ్ళ నాన్న దాన్ని రెండు చేతులతో అందుకుని, చదవడం రాదు కాబట్టి ముద్రని మాత్రం వేలితో తడిమి చూసి, కూతురికిచ్చాడు. మంగక్క కళ్ళు తుడుచుకుని వెంటనే ఇంకో ముసలాయన అర్జీ తీసి లైన్లో నిలబడింది. విశాఖపట్నంలో శిక్షణ కేంద్రం దాకా ఆ తండ్రీకూతుళ్ళని తీసుకెళ్ళే పని నాకు అప్పజెప్పింది. నాలుగూ ఇరవైకి చేరాం. గుమస్తా కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, పేరు రాసుకున్నాడు. నలభై నిమిషాలు మిగిలే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం బస్సులో జరిగింది కూడా చెప్పాలి. అనకాపల్లి దాటాక చిలకమ్మ ప్లాస్టిక్ కవర్లో ఉన్న పత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, "మీకూ ఉందా బాబూ ఈ కాయితం?" అంది. ఉందన్నాను. కాలేజీలో చేరేటప్పుడు తీసుకున్నాను. ఆఫీసులో నాన్నకి తెలిసినాయన ఉండేవాడు, నాన్న వాళ్ళతో టీ తాగడం పూర్తయ్యేలోపు కాగితం వచ్చేసింది. నేను లోపలికి కూడా వెళ్ళలేదు, బయట సైకిల్ మీద కూర్చుని ఇంకా ఎంతసేపని విసుక్కున్నాను. నా కులం సంగతి ఆ ఆఫీసులో ఎవరూ అనుమానించలేదు, అదొక అదృష్టమని నాకు ఆ రోజు దాకా ఎప్పుడూ తట్టలేదు. ఆ పిల్ల పక్కన కూర్చుని అది తలుచుకుంటే సిగ్గేసింది. "మరి మీ ఇంటికొచ్చి ఏటేటి సూసేరు?" అంది చిలకమ్మ. ఎవరూ రాలేదన్నాను. ఏమీ చూడలేదన్నాను. ఆ పిల్ల ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది: "మరైతే మీరు మీరేనని ఆళ్ళెలాగ నమ్మేరు?"